తిథి చూసుకుని కోరింగ: గోదావరి మడ అడవిని చూసే పద్ధతి

గోడ మీది తెలుగు క్యాలెండరులో ముందు తిథి చూడండి. కాకినాడ పక్కనున్న కోరింగ వెళ్ళి "ఏముందక్కడ, నీళ్ళూ చెట్లూ తప్ప" అంటూ తిరిగొచ్చే వాళ్ళలో చాలామంది వెళ్ళింది వేళ కాని వేళలో. అక్కడ సముద్రపు నీరు ఎక్కి దిగే వేళ తిథిని బట్టి మారుతుంది. పొద్దున్న పడవ తిరిగేంత నీళ్ళున్న కాలవే మధ్యాహ్నానికి పీతలు తిరిగే బురద అవుతుంది. పక్షులు కావాలా, బురదలోని జీవాలు కావాలా, పడవ మీద కాలవల్లోకి పోవాలా అన్నది తేల్చుకుని, దానికి తగ్గ నీటి వేళ పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

చోటు సంగతి కొంచెం. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. కోనసీమ వాటి నడుమ ఉంది. గౌతమి సముద్రంలో కలిసే ముందు మళ్ళీ చీలుతుంది. ఆ చీలికల్లో ఒకటైన కోరింగ పాయ కాకినాడ అఖాతం వైపు తిరుగుతుంది. నది తెచ్చిన ఒండ్రు మీదికి రోజూ ఉప్పునీరు ఎక్కి దిగే చోట మడ పెరిగింది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. తూర్పున సముద్రానికి అడ్డుగా పొడుగ్గా పడుకున్న ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. నది తెచ్చి పోసిన ఇసుకను కెరటాలు ఉత్తరానికి నెట్టుకుపోగా ఏర్పడిన దిబ్బ అది. కాకినాడకు వచ్చే కెరటం దెబ్బ ముందు దాని మీదే పడుతుంది. 1839 నవంబరు ఉప్పెన పాత కోరంగి రేవును నాశనం చేసిన సంగతి తలుచుకుంటే, ఈ దిబ్బా దాని వెనకున్న మడా ఎందుకు బతకాలో వేరే చెప్పక్కర్లేదు.

పోటు, పాటు లెక్క

ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటంటే నీరు ఎక్కడం, పాటంటే తీయడం. ఒక పోటు నుంచి ఇంకో పోటుకు పన్నెండున్నర గంటలు పడుతుంది కాబట్టి, పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కాకినాడ తీరాన పోటు నిండేది పొద్దున్న, రాత్రి 8, 10 గంటల మధ్య. దీన్ని తొమ్మిది అనుకుని, తిథి ఒక్కింటికి 50 నిమిషాలు కలుపుకుంటూ పోండి. చవితి నాటికి మధ్యాహ్నం పన్నెండు దాటుతుంది, అష్టమికి మూడు దాటుతుంది. పాటు అడుగంటేది పోటు నిండిన ఆరు గంటల తర్వాత. కాలవల లోపలికి నీరు చేరడానికి ఇంకాస్త ఆలస్యం అవుతుంది కాబట్టి అరగంట, గంట అటూ ఇటూ పెట్టుకోండి. కచ్చితమైన వేళ కావాలంటే హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళ పోటు అంచనాలు చూడండి.

నీరు ఎంత ఎక్కుతుందన్నది వేరే లెక్క. అమావాస్య, పౌర్ణమి, వాటి తర్వాతి ఒకటి రెండు రోజుల్లో పెద్ద పోటు వస్తుంది. నీరు బాగా ఎక్కుతుంది, అంతే బాగా తీసేస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో పెద్దగా ఎక్కదు, పెద్దగా తీయదు. బయల్దేరే ముందు రోజు పడవ వాళ్ళకు ఫోన్ చేసి "రేపు పాటు ఎన్నింటికి మొదలవుద్దండీ?" అని అడగండి. ఆ రోజు గాలిని బట్టి, వాననీటిని బట్టి వాళ్ళు చెప్పే మాట ఏ పట్టికలోనూ దొరకదు.

ఒక్క రోజే వీలైతే పౌర్ణమి మర్నాడు గానీ అమావాస్య మర్నాడు గానీ వెళ్ళండి. పొద్దున్న పోటు మీద పడవ, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా చెక్కల వంతెన మీద నడక. ఈ రెండూ ఒకే రోజు కుదిరే తిథులివే. నెలల్లో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మేలు. జూలై నుంచి అక్టోబరు దాకా వరద నీరు, తర్వాత తుపాన్ల భయం, ఏప్రిల్ తర్వాత ఉక్క. పుష్య అమావాస్య మాత్రం వద్దు. దాన్నే చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు సముద్ర స్నానాలకు వచ్చే జనంతో కాకినాడ – యానాం రోడ్డు నిండిపోతుంది. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యేది చొల్లంగిలోనే, ముగిసేది అంతర్వేదిలో. ఆ యాత్ర చూడాలనుకుంటే అదొక్కటే పెట్టుకుని వెళ్ళండి. అడవిని దానికి జత చేస్తే రెండూ చెడతాయి.

చేరుకోవడం తేలికే. రైల్లో కాకినాడ టౌన్ గానీ మెయిన్ లైన్ మీది సామర్లకోట గానీ దిగాలి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే బస్సెక్కి అడవి గేటు దగ్గర ఆపమంటే ఆపుతారు. అమలాపురం వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా రావచ్చు. గేటు వేళలు, పడవలు తిరుగుతున్నాయా లేదా అన్నవి అటవీ శాఖ వాళ్ళను ముందే కనుక్కోండి.

చెక్కల వంతెన మీద: చెట్లను గుర్తుపట్టడం

మొదటి పది నిమిషాలు అన్నీ ఒకే చెట్టులా కనిపిస్తాయి. వేళ్ళు, ఆకుల అమరిక, పాలు, ఈ మూడూ చూస్తే విడివిడిగా తెలుస్తాయి.

బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు నిటారుగా లేచి ఉంటే అది మడ. నల్లమడ, తెల్లమడ రెండింటికీ ఈ ఊపిరి వేళ్ళు ఉంటాయి. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వేళ్ళను పైకి పంపి గాలి తీసుకుంటుంది. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి, అడుగు భాగం పాలిపోయి ఉంటుంది. ఎండెక్కాక ఆకును వెలుతురుకు పక్కవాటుగా పెట్టి చూడండి. సన్నటి పలుకులు మెరుస్తాయి. అది చెట్టు బయటికి తోసేసిన ఉప్పు.

కాండం మొదట్లోంచి విల్లులా వంగిన వేళ్ళు బురదలో దిగి, చెట్టు మొత్తం కాళ్ళ మీద నిలబడ్డట్టు ఉంటే అది ఉప్పు పొన్న. దాని కొమ్మలకు జానెడు, ఇంకా పొడుగున్న ఆకుపచ్చ కర్రల్లాంటివి వేలాడుతుంటాయి. వాటిని చూసి చాలామంది కాయలనుకుంటారు. గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి దించిన మొక్కలవి. పాటు వేళ రాలితే అక్కడే బురదలో దిగబడతాయి, పోటు వేళ రాలితే నీటి మీద కొట్టుకుపోయి ఇంకో ఒడ్డున నాటుకుంటాయి. వాటిని తెంపడమంటే పెరగబోయే చెట్టును తెంపడమే.

మూడోది తిల్ల. దీన్ని ముందు గుర్తుపట్టి తర్వాతే దేన్నైనా ముట్టుకోండి. ఆకులు జంటలుగా కాక ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి, రాలే ముందు ఎర్రబడతాయి. కొమ్మ విరిగితే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. తగిలితే రుద్దకుండా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, కన్నయితే నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లలు ఆకులు తుంచకుండా చూసుకోమనేది ఇందుకే.

బురద నల్లగా ఉండి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే మురుగు కలిసిందని కంగారు పడొద్దు. గాలి ఆడని బురదలో ఆకులు కుళ్ళినప్పుడు పుట్టే వాయువు వాసన అది. మడకు అది మామూలే.

బురద మీది బతుకు చూడాలంటే ఒకే పద్ధతి. పాటు బాగా తీశాక వంతెన మీద ఒక చోట ఆగి, కదలకుండా, మీ నీడ బురద మీద పడకుండా ఐదు నిమిషాలు నిలబడండి. ముందు ఏమీ ఉండదు. తర్వాత కన్నాల అంచుల్లో కళ్ళు లేస్తాయి. ఒక గిట్ట చిన్నది, ఒకటి ఒంటికి మించినంత పెద్దది ఉన్న పీత మగది. ఆ పెద్ద గిట్టను పైకెత్తి దించుతూ ఆడదాన్ని పిలుస్తుంది, పక్క మగదాన్ని బెదిరిస్తుంది. చిన్న గిట్టతో బురద ముద్ద నోట్లో పెట్టుకుని, తిండి ఏరుకుని, మిగిలింది గోళీలా చేసి వదిలేస్తుంది. కన్నం చుట్టూ ఆ గోళీలు ఎన్ని ఎక్కువుంటే అది మేత మొదలెట్టి అంత సేపైనట్టు. వాటి మధ్య రెక్కల మీద లేచి దూకే చేపలుంటాయి. చర్మం తడిగా ఉన్నంతసేపు అవి గాలి పీల్చుకుని బతుకుతాయి. మధ్యమధ్యలో పక్కకు దొర్లేది ఒళ్ళు తడుపుకోవడానికే. ఎవరైనా కాలు గట్టిగా వేస్తే చెక్కల అదురుకు అన్నీ మాయమవుతాయి, మళ్ళీ ఐదు నిమిషాలు ఆగాలి. జట్టుగా వెళ్ళినవాళ్ళు ఇద్దరిద్దరుగా విడిపోవడం మంచిది.

పడవ మీద

పోటు నిండడానికి రెండు గంటల ముందు ఎక్కి, నిండిన అరగంటలోపు తిరుగుముఖం పట్టాలి. నీటితో పాటు లోపలికి, నీటితో పాటు బయటికి. చిన్న కాలవలోకి మళ్ళాక ఇంజను ఆపించండి. శబ్దం ఆగిన కాసేపటికి గానీ నీటికుక్కలు తల ఎత్తవు. గుంపులుగా ఈదుతాయి, ఈలలాంటి కూతలు వేస్తాయి. పొద్దున్నే కనిపించే అవకాశం ఎక్కువ. లైఫ్ జాకెట్ తొడుక్కోవడమే కాదు, దాని బకిల్ పెట్టుకోండి. ఆలస్యమై పడవ బురదలో ఇరుక్కుంటే నెడదామని దిగొద్దు. తొడల దాకా దిగబడతారు, బురదలోని ఆల్చిప్పలు కాళ్ళు కోస్తాయి. కూర్చుని మళ్ళీ పోటు ఎక్కేదాకా ఆగాలి, అంతే.

చేపలు పట్టి తినే బావురు పిల్లి (ఫిషింగ్ క్యాట్) గురించి అందరూ అడుగుతారు. అది రాత్రి తిరిగేది కాబట్టి పగలు దాదాపు కనిపించదు. దాని జాడలు మాత్రం కనిపిస్తాయి. తడి గట్టు మీద నాలుగు వేళ్ళ గుండ్రటి అడుగు, ఇంటి పిల్లిదానికంటే బాగా పెద్దది. గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి ఒక్కోసారి గోటి గుర్తు కూడా పడుతుంది. నక్క అడుగైతే కోలగా ఉండి గోళ్ళు స్పష్టంగా దిగుతాయి. ఐదు వేళ్ళు, మధ్యలో పొర జాడ ఉంటే నీటికుక్క. ఎత్తైన గట్టు మీద చేప పొలుసులతో నిండిన, నీచు వాసన కొట్టే రెట్ట కుప్ప కనిపిస్తే అదీ నీటికుక్కదే.

పక్షులకు వేరే రోజు

చలికాలంలో ఉత్తరాది నుంచి దిగే బురద పక్షులకు కాకినాడ రేవు వైపున్న కుంభాభిషేకం మేట మంచి చోటు. పాటు పూర్తిగా తీసినప్పుడు వెళ్తే పక్షులు దూరాన చుక్కల్లా ఉంటాయి, పోటు నిండుగా ఉంటే మేటే ఉండదు. పోటు దిగడం మొదలైన రెండు గంటల తర్వాత, ఒడ్డు పక్కన మొదటి బురద పట్టీ తేలగానే అన్నీ దాని మీదికి చేరతాయి. మీరు తూర్పుకు చూస్తారు కాబట్టి పొద్దున్న ఎండ కళ్ళలో పడుతుంది. అందుకే చవితి, పంచమి తిథులు బాగుంటాయి. ఆ రోజుల్లో మూడు గంటల ప్రాంతంలో బురద తేలుతుంది, సూర్యుడు మీ వెనక ఉంటాడు. రంగుల కంటే ముక్కు చూసి గుర్తుపట్టడం తేలిక. పొట్టి ముక్కువి పైపైన పరిగెత్తి ఏరుకుంటాయి, పొడుగు ముక్కువి లోతుగా గుచ్చుతాయి, కర్లూ వంపు ముక్కును పీత కన్నంలో దూరుస్తుంది. నారింజ ముక్కు, కింది దవడ పైదానికంటే పొడుగు ఉన్న నలుపు తెలుపు పక్షి కనిపిస్తే అది ఇండియన్ స్కిమ్మర్. ప్రపంచంలోనే అరుదైపోయిన పక్షి. ఫొటో కోసం దగ్గరికి నడవకండి. గుంపు లేచిందంటే దాని మేత వేళ మీరు తినేసినట్టు.

హోప్ ఐలాండ్ మీద జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిళ్ళు గుడ్లు పెడతాయి, ఒక్కో గూటిలో వంద వరకు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. పగలు వెళ్ళినవాళ్ళకు ఇసుకలో తెడ్డు కాళ్ళు లాగిన బాట కనిపిస్తుంది. దాన్ని తొక్కకండి, చివరనున్న చోట తవ్వకండి. అటవీ సిబ్బంది గూడు వెతికేది ఆ బాట పట్టుకునే.

తీసుకెళ్ళాల్సినవి: మనిషికి రెండు లీటర్ల మంచినీళ్ళు, పూర్తి చేతుల చొక్కా, దోమల మందు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, కెమెరాకు గట్టి ప్లాస్టిక్ సంచి. మామూలు చెప్పులు తడి చెక్కల మీద జారతాయి.

భోజనానికి కాకినాడో యానామో వెనక్కి వచ్చేయండి. మండపీత కూర ఈ ప్రాంతపు రుచి, తినండి. పులస మాత్రం చలికాలంలో అడగొద్దు. వరద నీటికి గోదావరిలో ఎదురెక్కే చేప అది. డిసెంబరులో పులసని వడ్డించేది ఇంకేదో.

వాతావరణ శాఖ హెచ్చరికలు ముందు రోజు రాత్రి, బయల్దేరే ముందు రెండుసార్లు చూడండి. రేవులో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగరేసినా ఆ రోజు పడవ మాట వదిలేయండి, హోప్ ఐలాండ్ అసలే వద్దు.