చల్క, రేగడి మట్టిలో సేంద్రియ పదార్థాన్ని ఫ్లోరోసెన్స్‌తో చూడటం ఎలా?

రేగడి నల్లగా ఉంటుంది కాబట్టి అందులో సేంద్రియ పదార్థం దండిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మన రేగళ్లలో చాలావాటికి సేంద్రియ కర్బనం ఒక శాతం కూడా దాటదు. ఎంత ఉందో వాక్లీ-బ్లాక్ పరీక్ష చెప్తుంది. ఉన్నది తాజాదా, బాగా చివికిన హ్యూమస్సా అన్నది మాత్రం చెప్పదు. ఫ్లోరోసెన్స్ అంటే ఒక కాంతి పడగానే పదార్థం తానూ వేరే రంగులో వెలగడం. అది నాకు అంత ఇష్టం కావడానికి కారణం ఇదే: కొన్ని మిల్లీలీటర్ల మట్టి నీళ్లతో ఆ తేడా పట్టుకోవచ్చు.

5 గ్రాముల జల్లించిన మట్టికి 50 మి.లీ. నీళ్లు పోసి గంటసేపు షేకర్‌లో పెట్టండి. చల్క మట్టి పెద్దగా ఇబ్బంది పెట్టదు. రేగడితోనే తంటా. సెంట్రిఫ్యూజ్ చేసినా సన్నటి బంకమన్ను తేలుతూనే ఉంటుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది. అలాంటప్పుడు నీళ్ల బదులు 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్ వాడితే బంకమన్ను గుంపు కట్టి అడుక్కి దిగుతుంది. పోల్చాలనుకున్న చల్క మట్టికీ అదే ద్రావణం వాడాలి సుమా. తర్వాత 0.45 మైక్రాన్ ఫిల్టర్. దాన్ని ముందు శుద్ధజలంతో కడగండి, ఫిల్టర్ నుంచి కూడా సేంద్రియ పదార్థం దిగుతుంది.

గాజు సామాన్లను సబ్బుపొడితో అస్సలు తోమొద్దు. బట్టలు తెల్లగా కనబడాలని అందులో కలిపే రసాయనాలు అతినీలలోహిత కాంతి పడగానే నీలంగా వెలుగుతాయి. హ్యూమస్‌లోని హ్యూమిక్ పదార్థాలు వెలిగేదీ దాదాపు అక్కడే. పలచటి ఆమ్లంలో నానబెట్టి, శుద్ధజలంతో కడిగితే చాలు.

ఫ్లోరోమీటర్ కంటే ముందు యూవీ స్పెక్ట్రోమీటర్ దగ్గరికి వెళ్లండి. 254 నానోమీటర్ల దగ్గర శోషణ, అంటే ద్రావణం కాంతిని పీల్చుకునే కొలత, 0.3 దాటితే పలచన చేయాల్సిందే. చిక్కటి ద్రావణం తన వెలుగును తానే మింగేస్తుంది, సేంద్రియ పదార్థం ఎక్కువున్న నమూనాయే తక్కువ చూపిస్తుంది. మిగిలిన కాస్త నష్టాన్ని శోషణ అంకెలతో సరిదిద్దుకోవచ్చు.

నాలుగు వైపులా పారదర్శకంగా ఉండే క్వార్ట్జ్ క్యువెట్‌లో (నమూనా పోసే చిన్న గొట్టం) ఉత్తేజక కాంతిని, అంటే మనం వేసే కాంతిని, 240 నుంచి 450 దాకా 5 నానోమీటర్ల అడుగులతో మారుస్తూ, 300 నుంచి 600 దాకా ఉద్గారం, అంటే తిరిగి వచ్చే వెలుగు, కొలవండి. మట్టి కలపని అదే ద్రావకాన్ని కూడా కొలిచి (దీన్నే బ్లాంక్ అంటారు), ఆ వెలుగును తీసేయండి.

చదివేటప్పుడు ముందుగా రెండు చోట్లు చూస్తాను. 275 ఉత్తేజం, 340 ఉద్గారం దగ్గర ట్రిప్టోఫాన్ (ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లం) లాంటి వెలుగు ఉంటే తాజా పదార్థం, సూక్ష్మజీవుల సందడి. 350 ఉత్తేజానికి 420-480 మధ్య వెలిగితే హ్యూమిక్. ఈ రెంటినీ ఒక్క అంకెలో చెప్పేది హ్యూమిఫికేషన్ సూచీ. ఉత్తేజం 254 దగ్గర ఉంచి, 435-480 వైశాల్యాన్ని, దానికి 300-345 వైశాల్యం కలిపిన మొత్తంతో భాగించాలి. ఒకటికి దగ్గరయ్యే కొద్దీ బాగా చివికిందని అర్థం.

చల్క లాంటి ఎర్ర మట్టిలో ఇంకో టెన్షన్ ఇనుము. ద్రావణంలోకి దిగిన ఇనుము హ్యూమిక్ పదార్థాలను పట్టుకుని వాటి వెలుగును తగ్గిస్తుంది. అందుకే ప్రతి నమూనాలో కరిగిన ఇనుమూ కొలిచి, ఫలితం పక్కనే రాయండి. ఇనుము బాగా తేడా ఉన్న నమూనాల తీవ్రతలు పోల్చొద్దు. బ్రెజిల్ ఎర్ర నేలల్లోనూ ఇనుము ఈపీఆర్ పరీక్షకు (అయస్కాంత క్షేత్రంలో పెట్టి హ్యూమస్ ఎంత చివికిందో చూసే పద్ధతి) అడ్డొచ్చేది. అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాలో దెబోరా మిలోరి బృందం మట్టిని పొడిచేసి, బిళ్లగా నొక్కి, నేరుగా దాని మీదే లేజర్ వేసి ఫ్లోరోసెన్స్ కొలిచింది. వచ్చిన వెలుగును కర్బనంతో భాగించి చూసింది. నీళ్లలో కరగని భాగం కూడా ఆ పద్ధతిలో కనిపిస్తుంది.

మట్టి ఎప్పుడు తీశారన్నది తప్పకుండా రాసుకోండి. ఎండిన నేల తడవగానే సూక్ష్మజీవుల కణాలు పగిలి ప్రోటీన్ వెలుగు పెరుగుతుంది. మే నెల మట్టినీ ఆగస్టు మట్టినీ పక్కపక్కన పెట్టి, తేడా అంతా ఎరువు వల్లే అనేయకండి. ఎరువు వేసిన చెక్క, వేయని చెక్క రెండూ ఒకే చేనివి, ఒకే రోజు తీసినవి అయితేనే పోల్చండి.