డీఎన్‌ఏ నకలు, మూడో పాఠం: బాణం ఎటు గీయాలి?

డీఎన్‌ఏ అంటే ఎదురెదురుగా ఉండే రెండు పోచలు; ఒక్కో పోచ ఎ, టి, జి, సి అనే నాలుగు రకాల రసాయన భాగాల వరస, వాటినే అక్షరాలు అంటున్నాం. పోయిన పాఠంలో ఎ ఎదురుగా టి, జి ఎదురుగా సి రాయడం సాధన చేశారు. ఈసారి దిక్కులు నేర్చుకుందాం. నల్లగొండలో నా దగ్గరికి వచ్చే బైపీసీ పిల్లల్లో చాలామందికి ఎంజైముల పేర్లు కంఠతా వచ్చు. బొమ్మ గీయమంటే మాత్రం బాణం ఎటు పెట్టాలో తెలియక టెన్షన్ పడతారు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో ట్యూషన్ లేకుండా సొంతంగా చదువుకునేవాళ్లకైతే ఇది మరీ కష్టం. అందుకే పేర్లు కాసేపు పక్కన పెట్టండి.

గుర్తుంచుకోవాల్సిన నియమం ఒక్కటే. పోచ రెండు కొసలు ఒకేలా ఉండవు; ఒకదాన్ని 5′ (ఫైవ్ ప్రైమ్), రెండోదాన్ని 3′ (త్రీ ప్రైమ్) అంటారు. కొత్త పోచను కట్టే ఎంజైము, డీఎన్‌ఏ పాలిమరేజ్, కొత్త అక్షరాన్ని పెరుగుతున్న పోచ 3′ కొసకే తగిలిస్తుంది, 5′ కొసకు తగిలించలేదు. మిగతాదంతా దీన్నుంచే వస్తుంది.

కాగితం మీద కుడివైపు కలిసి, ఎడమవైపు విడిపోయిన రెండు గీతలు గీయండి. ఇవి పాత పోచలు. హెలికేజ్ అనే ఎంజైము వీటిని కుడివైపుకు విప్పుకుంటూ పోతోంది. పై గీత ఎడమ కొసన 3′, కింది గీత ఎడమ కొసన 5′ అని రాయండి.

ఇప్పుడు రంగు పెన్ను తీసుకోండి. కొత్త పోచ పాతదానికి ఎదురు దిక్కులో ఉండాలి. కాబట్టి పైదాని మీద కొత్త పోచ ఎడమన 5′తో మొదలై కుడికి సాగుతుంది. హెలికేజ్ వెళ్లేదీ అటే. ఆగే పనిలేదు, ఒకే పొడవాటి బాణం గీసేయండి. ఇది లీడింగ్ స్ట్రాండ్.

కింది పోచ దగ్గర నిదానించండి. ఇక్కడ కొత్త పోచ కుడి నుంచి ఎడమకే పెరగగలదు, విప్పుకోవడమేమో కుడివైపు జరుగుతోంది. కొంత విప్పుకోగానే ప్రైమేజ్ అనే ఎంజైము చిన్న ఆర్‌ఎన్‌ఏ ప్రైమర్ (పాలిమరేజ్ పని మొదలుపెట్టడానికి ఆధారమయ్యే ముక్క) పెడుతుంది. పాలిమరేజ్ అక్కడ మొదలై ఎడమకు వచ్చి, అంతకుముందు ముక్కను తాకి ఆగుతుంది. ఇంకొంత విప్పుకున్నాక మళ్లీ కుడిన ఇంకో ప్రైమర్, ఇంకో ముక్క. కాబట్టి ఎడమకు చూసే చిన్న బాణాలు మూడు గీయండి. వాటిలో ఎడమ చివరిదే అన్నిటికంటే పాతది. చాలామంది తిరగేసి చెప్పేది దీన్నే. తర్వాత ప్రైమర్లు పోయి, ఆ ఖాళీల్లో డీఎన్‌ఏ నిండుతుంది. లైగేజ్ అనే ఎంజైము ముక్కల్ని అతికిస్తుంది. ఇది లాగింగ్ స్ట్రాండ్.

ఈ ముక్కల్ని 1960లలో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో రెయిజీ, త్సునెకో ఒకజాకి దంపతులు కనిపెట్టారు. బ్యాక్టీరియాలో ఒక్కో ముక్క 1000 నుంచి 2000 అక్షరాలు, మన కణాల్లో 100 నుంచి 200. రెయిజీ చిన్నతనంలో హిరోషిమా అణుబాంబు రేడియేషన్‌కు గురయ్యారు. 1975లో ల్యుకేమియాతో 44 ఏళ్లకే పోయారు. త్సునెకో పరిశోధన కొనసాగించారు. ఒకజాకి ముక్కలు అని రాసేటప్పుడు ఆ ఇద్దరినీ తలచుకోండి.

ముక్కలుగా తయారైంది కాబట్టి ఈ పోచ నాసిరకం అనుకోకండి. మన జిల్లా బత్తాయి తోటల్లో సాత్‌గుడి అనే బత్తాయి రకం మొగ్గను రంగపూర్ నిమ్మ మొక్క మీద అంటుకడతారు. ఆ ఒక్క మొగ్గలోని డీఎన్‌ఏ కణవిభజన జరిగిన ప్రతిసారీ ఇలాగే నకలవుతూ చెట్టంతా పాకుతుంది. ఏళ్ల తర్వాత కూడా కాసేది సాత్‌గుడే. అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లు మాత్రం నిమ్మవి, అందుకే రైతులు తుంచేస్తారు.

సాధన: పాత పోచ 5′ జి ఎ టి టి ఎ సి జి సి 3′. కొత్త పోచను 5′ నుంచి రాయండి. జి సి జి టి ఎ ఎ టి సి వస్తే మీ లెక్క సరిపోయింది. సి టి ఎ ఎ టి జి సి జి అని రాసి ముందు 5′ పెట్టారా? జతలు సరిగ్గానే ఉన్నాయి, దిక్కు తప్పింది. బొమ్మ మళ్లీ గీయండి. నాలుగో పాఠంలో తప్పు అక్షరం పడితే పాలిమరేజ్ దాన్ని ఎలా తీసేస్తుందో చూద్దాం.