శాంపిల్ డేటాబేస్ ఫైలు మీద ప్రాజెక్టు కడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కావలి ఊరి కుర్రాడొకడు లైబ్రరీ ప్రాజెక్టు చూపించాడు. టేబుల్‌లో పేర్లన్నీ తనవే. కొత్త రికార్డు తెరవగానే మాత్రం ఊరు గడిలో ‘గుంటూరు’ దానంతటదే పడింది. పాత ఫైలు తాలూకు డిఫాల్ట్ వాల్యూ అది. వాడు డేటా తుడిచాడు గానీ డిజైన్ వ్యూ (టేబుల్ గడుల అమరిక మార్చే తెర) తెరవలేదు.

• చెయ్యి పెట్టకముందే ఫైలుకి ఇంకో కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

• ఏ శాంపిల్ తీసుకున్నారో సార్‌కి చెప్పి, రిపోర్టు మొదటి పేజీలోనే రాయండి. చెప్పకుండా ఆనవాళ్లు చెరిపేస్తే అది కాపీనే, నేను సాయం చెయ్యను.

• యాక్సెస్‌లో (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్) రికార్డులు తీసేసినా ఫైలు సైజు తగ్గదు. ఖాళీ అయిన చోటు తీసేసే ‘కాంపాక్ట్ అండ్ రిపేర్’ నొక్కాలి. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు నొక్కితే ఆటోనంబర్ (రికార్డుకి దానంతటదే పడే వరస అంకె) కూడా మళ్లీ 1 నుంచి మొదలవుతుంది. డిఫాల్ట్ వాల్యూలు, లుకప్ జాబితాలు (గడిలో ఎంచుకోడానికి వచ్చేవి), రిపోర్టు హెడర్లో పాత స్కూలు పేరు ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఫైలు ప్రాపర్టీస్‌లో ఆథర్ పేరు ఎవరిదో కూడా. దాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

• మైఎస్‌క్యూఎల్ (ఇంకో డేటాబేస్ ప్రోగ్రామ్) అయితే డిలీట్ చేశాక ఆటో ఇంక్రిమెంట్, అంటే అక్కడి వరస అంకె, పాత అంకె దగ్గర్నుంచే నడుస్తుంది. ట్రంకేట్ (టేబుల్ మొత్తం ఒక్కసారే ఖాళీ చేసే ఆదేశం) చేస్తే 1కి వస్తుంది, కానీ రోల్‌బ్యాక్ (చేసింది వెనక్కి తీసుకోవడం) పనిచేయదు. ఫారిన్ కీతో (టేబుళ్లని కలిపే లంకె) వేరే టేబుల్ దీన్ని పట్టుకుని ఉంటే ట్రంకేట్ అసలు ఒప్పుకోదు.

• పాత ఫైల్లో నిజం పిల్లల ఫోన్ నంబర్లుంటే అన్నిటికన్నా ముందు అవి తీసేయండి. పెన్‌డ్రైవ్ కాపీలోవి కూడా, పని అయ్యాక.