ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెట్టుకొయ్య: వేళ్ల మాట విని ల్యాప్‌టాప్ కొనడం

నా పాత ల్యాప్‌టాప్‌లో అన్నిటికన్నా ముందు పోయింది డి కీ. పోక ఏం చేస్తుంది? ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో, అంటే ఒక్కో కీకి ఒక తెలుగు అక్షరమో గుర్తో కేటాయించిన అమరికలో, తెలుగు కొట్టేవాళ్లకు పొల్లు ఉండేది దాని మీదే. అమ్మ, అత్త, ఉప్పు, పప్పు, ఏ మాట రాసినా ఎడమచేతి నడిమి వేలు ఒకసారి దాని మీద పడి లేవాలి. ఏడేళ్లు, రోజుకు ఆరేడు గంటలు అలా దెబ్బలు తిన్నాక దాని మీద అక్షరం చెరిగిపోయింది, తర్వాత నున్నగా అరిగి మెరిసింది, చివరికి మూడుసార్లు నొక్కితే ఒకసారి పలకడం మొదలుపెట్టింది. నేను చేసేది అనువాదాలు. ఎక్కువగా పురుగుమందుల డబ్బాలతో వచ్చే కాగితాలు, మోటారు పంపుల వాడకం పుస్తకాలు. ఒక రోజు ‘ద్రావణం’ అని ఉండాల్సిన చోటల్లా ‘దరావణం’ అని పడి, నేను చూసుకోకుండానే వెళ్లిపోయింది. ఇదేమైనా కొత్త మాటా అని అవతలివాళ్లు చాలా మర్యాదగా అడిగారు.

గుంటూరులో బాగుచేసే అబ్బాయి దగ్గరికి పట్టుకెళ్తే అడుగు మూత విప్పి లోపల చూపించాడు. “ఇందులో కీబోర్డు విడిగా రాదమ్మా. పై పలకకు ప్లాస్టిక్ కరిగించి అతికించేశారు. పలక మొత్తం మార్చాలి” అన్నాడు. దానికి అతను చెప్పిన అంకె వింటే వాడిన ల్యాప్‌టాప్‌లో సగం వచ్చేట్టుంది. కీబోర్డు విడిగా మారుతుందా అని కొనేటప్పుడే అడగాలని ఏడేళ్ల కిందట నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతున్నాను.

బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోనులో ప్రాసెసర్ల పేర్లన్నీ చదివాడు. వాడి ప్రేమ వాడిది. కానీ నాలాగా వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు, బ్రౌజర్‌లో పదిహేను నిఘంటువు పేజీలు తెరుచుకుని కూర్చునేవాళ్లకు ఫైళ్లు చప్పున తెరిచే ఎస్‌ఎస్‌డీ డిస్కు ఉంటే చాలు, ర్యామ్ 8 జీబీ సరిపోతుంది, 16 ఉంటే హాయి. ఆ విషయం అంతటితో వదిలేద్దాం. రోజంతా నా చేతులు ఆనేది ప్రాసెసర్‌ను కాదు కదా.

ముందు కీ లోతు సంగతి. కీ నొక్కితే ఎంత కిందికి దిగుతుందో దాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. ఆ అంకెలు మనసుకు ఎక్కవు కాబట్టి నేను ఏటీఎం కార్డు లెక్క పెట్టుకున్నాను. కార్డు మందం 0.76 మి.మీ. రెండు కార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు 1.5 మి.మీ. నా వేళ్లకు కావలసిన లోతు అదే. ఇప్పటి పలచటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 1 నుంచి 1.5 దాకా ఉంటుంది. 2015లో ఆపిల్ ‘బటర్‌ఫ్లై’ అనే అమరిక తెచ్చినప్పుడు ఆ లోతు ఒక కార్డు మందం కూడా లేదు. దుమ్ము పడి కీలు ఇరుక్కుంటున్నాయని గోల రేగితే 2018లో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించారు, 2019 చివరి నుంచి కీ కింద కత్తెరలా దాటుకునే పుల్లలుండే పాత పద్ధతికే తిరిగి వచ్చారు. అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఆ మధ్య ఏళ్ల మ్యాక్‌బుక్ చవకగా కనబడితే వెంటనే మురిసిపోవద్దు.

లోతు ఒక్కటే చాలదు. 1 మి.మీ. దిగే కీ కూడా గట్టిగా, స్పష్టంగా తగిలితే వేలికి బాగానే ఉంటుంది. రెండు మిల్లీమీటర్లు దిగినా మెత్తటి ఇడ్లీని నొక్కినట్టు ఉంటే సాయంత్రానికి మణికట్టు లాగుతుంది. కీబోర్డు నడిమధ్య, జి, హెచ్ కీల దగ్గర, బొటనవేలితో కొంచెం గట్టిగా ఒత్తి చూడండి. పలక కిందికి వంగితే ఆ మెత్తదనం ఏ అంకెలోనూ కనబడదు, మీ చేతికే తెలుస్తుంది.

తర్వాత వెడల్పు. దీనికి నా కుట్టుపెట్టెలో టేపు పట్టుకెళ్లాను. పూర్తి సైజు కీబోర్డులో ఒక కీ నుంచి పక్క కీకి దూరం 19 మి.మీ. క్యూ ఎడమ అంచు నుంచి పి ఎడమ అంచుకు కొలిస్తే 17.1 సెం.మీ. రావాలి. 16.5 కన్నా తగ్గితే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. దుకాణంలో అబ్బాయిలు నవ్వుకున్నారు, ల్యాప్‌టాప్‌కు రవిక కొలతలు తీస్తోందనుకున్నారేమో.

తెలుగు కొట్టేవాళ్లకు అసలు చిక్కు కుడి అంచులో ఉంటుంది. ఇంగ్లిషులో సెమీకోలన్, కొటేషన్, బ్రాకెట్, స్లాష్ ఎప్పుడో ఒకసారి వచ్చే గుర్తులు. అందుకని స్థలం చాలకపోతే తయారీదారులు ముందు కోసేది ఆ అంచు కీలనే. ఇన్‌స్క్రిప్ట్‌లో వాటి మీద ఉన్నవి చ, ట, డ, య. ఈ నాలుగూ లేకుండా తెలుగులో ఒక్క వాక్యం రాయండి చూద్దాం. అటు ఎడమ పై మూలన, ఒకటో అంకె పక్కన ఉండే చిన్న కీ మీద ఒత్వం ఉంటుంది, షిఫ్ట్‌తో అదే ‘ఒ’. దాన్ని కూడా కొన్నిటిలో సగానికి నొక్కేశారు. ఇంకా, ఖ, ఘ, ధ, భ, శ, ష, ళ అన్నీ కుడిచేతి వేళ్లతో, ఎడమ షిఫ్ట్ పట్టుకుని కొట్టేవి. యూరప్ నుంచి వచ్చిన వాడిన ల్యాప్‌టాప్‌లలో ఆ ఎడమ షిఫ్ట్‌ను పొట్టి చేసి పక్కన ఇంకో కీ ఇరికిస్తారు. చిటికెన వేలు దాని మీద పడిన ప్రతిసారీ మాట పాడవుతుంది.

లేఖినిలాంటి వాటిలో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్లకు కుడి అంచు బాధ తక్కువ. కానీ ట, డ, ణ, ళ కోసం పెద్ద అక్షరాలు కావాలి కాబట్టి రెండు షిఫ్ట్‌లూ వెడల్పుగా ఉన్నాయా అని వాళ్లు చూసుకోవాలి.

ఇవన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోవడం ఎందుకని ఒక వాక్యం తయారు చేసుకున్నాను: ‘ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెట్టుకొయ్య’. అర్థం పెద్దగా లేదు. కానీ ఒ, ఒత్వం, డ, ట, చ, య, అడుగడుగునా పొల్లు, అన్నీ ఇందులో ఉన్నాయి. ఏ ల్యాప్‌టాప్ కనబడినా దీన్ని కళ్లు మూసుకుని ఇరవైసార్లు కొడతాను. దుకాణంలోని కంప్యూటర్‌లో తెలుగు ఉండాలని కూడా లేదు. నోట్‌ప్యాడ్ తెరిచి, తెలుగు కొడుతున్నట్టే కొట్టండి. తెర మీద బ్రాకెట్లు, చుక్కలు, డీలు వరసగా పడతాయి. ఇరవై వరసలూ ఒకేలా ఉంటే ఆ కీబోర్డు మీ చేతికి సరిపోయినట్టు. నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఈ పని చేస్తుంటే అమ్మే కుర్రాడు కంగారుపడి, “మేడమ్, కీబోర్డు పని చేస్తోందండీ, నేను చూశాను” అన్నాడు. “పని చేస్తోంది బాబూ, నా వేళ్లు పని చేస్తున్నాయో లేదో చూస్తున్నా” అన్నాను. ఆ రోజు ఆరు ల్యాప్‌టాప్‌ల మీద కొట్టాను. రెండింటిలో ‘చెట్టు’ మూడోసారికే చెదిరింది.

15.6 అంగుళాల వాటిలో చాలావాటికి కుడి పక్కన అంకెల పలక ఉంటుంది. లెక్కలు రాసేవాళ్లకు అది వరం. నాకు శాపం. ఆ పలక వల్ల అక్షరాల కీలన్నీ ఎడమకు జరుగుతాయి, మనిషి తెర మధ్యకు ఎదురుగా కూర్చుంటే చేతులు మాత్రం పక్కకు తిరిగి ఉంటాయి. నాకు ఎడమ భుజం నొప్పి ఎందుకో చాలాకాలం అర్థం కాలేదు. అందుకని ఈసారి 14 అంగుళాలే అని గీత గీసుకున్నాను.

బరువు విషయానికి వస్తే, పెట్టె మీద వేసే అంకె ల్యాప్‌టాప్ ఒక్కదానిదే. మన భుజానికి తగిలేది సంచి మొత్తం. మా వీధి చివర కిరాణా కొట్టులో ఎండుమిర్చి తూచే కాటా మీద నా సంచి పెట్టి చూపించమన్నాను. పాత ల్యాప్‌టాప్ 2.2 కిలోలు, దాని ఇటుక ఛార్జరు 400 గ్రాములు, లీటరు నీళ్లు, ప్రూఫు కాగితాలు, మౌసు, సంచి బరువు, అన్నీ కలిపి 5.3 కిలోలు. నెలకు రెండుసార్లు తెల్లవారుజామున పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ వెళ్తాను. అక్కడ వంతెన మెట్లు ఎక్కి దిగేటప్పుడు ఆ 5.3 కిలోలు పదికిలోలవుతాయి. ఇంకో అరకిలో వేరే కీబోర్డు సంచిలో పడేసుకుంటే సరిపోదా అని మా అబ్బాయి అన్నాడు. రైల్లో ఒడిలో రెండు పరికరాలు ఎలా నిలబెట్టాలో కూడా చెప్పమన్నాను.

బరువు తగ్గించాలంటే ల్యాప్‌టాప్‌కన్నా ముందు ఛార్జరును చూడండి. టైప్-సి రంధ్రంతో ఛార్జ్ అయ్యేది ఎంచుకుంటే 65 వాట్ల చిన్న ఛార్జరు ఒక్కటే ఫోనుకూ దానికీ సరిపోతుంది. గుండ్రటి పిన్నుతో వచ్చే పాత ఛార్జరు ఊళ్లో మరచిపోతే ఆ రోజు పని అయిపోయినట్టే.

ఇక ఒడి. దుకాణంలో బల్ల మీద చూసి కొంటాం, రైల్లో ఒడిలో వాడతాం. కుర్చీ అడిగి, కూర్చుని, ల్యాప్‌టాప్ తొడల మీద పెట్టుకుని తెర తెరవండి. తెర బరువుకు వెనక్కి పడిపోతోందా? అరచేతులు ఆనే ముందు అంచు మణికట్టును కోస్తోందా? గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు అడుగున ఉంటే నూలు చీర వాటిని మూసేస్తుంది, పిడుగురాళ్ల చేరేలోపు ఒడి కాలుతుంది. ఛైర్‌కార్‌లో అయితే ముందు సీటు బల్ల ఉంటుంది కానీ, ముందాయన సీటు వెనక్కి వాల్చగానే పెద్ద తెర నలుగుతుంది. 14 అంగుళాలది బతికి బయటపడుతుంది.

అన్నీ చూశాక నా ముందు రెండే మిగిలాయి. ఒకటి ఎం2 మ్యాక్‌బుక్ ఎయిర్, బరువు 1.24 కిలోలు, ఫ్యాను లేదు కాబట్టి చీర బాధ లేదు, కీలు పొట్టివైనా గట్టివి. ఇన్‌స్క్రిప్ట్ అందులోనూ ఉంది. చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాలేదు. కానీ కీబోర్డు పోతే మళ్లీ పై పలక కథే, ధర కూడా నా అనువాదాల పేజీ లెక్కకు అందలేదు.

రెండోది, నేను చివరికి కొన్నది, కంపెనీలు వాడి తీసేసిన థింక్‌ప్యాడ్ టీ480. 2018 మోడల్. కీ లోతు 1.8 మి.మీ., అంటే రెండు కార్డులు దాటి. ఆ తర్వాతి మోడళ్లలో 1.5కి, కొన్నిటిలో ఇంకా తక్కువకి దించారు. కీబోర్డు అడుగు నుంచి రెండు మరలు వదులు చేస్తే జరిగి ఊడి వస్తుంది, కుర్రాడు నా ఎదురుగానే తీసి చూపించాడు. జి, హెచ్, బి మధ్య, అంటే మన ఉకారానికీ, ప, వ లకూ నడుమ, ఎర్రటి చిన్న బొడిపె ఉంటుంది. చేయి ఎత్తకుండా చూపుడు వేలితో దాన్ని తోస్తే కర్సర్ కదులుతుంది. మొదటి రెండు రోజులు చిరాకు, మూడో రోజు నుంచి మౌసును సంచిలోంచి తీసేశాను. బరువు 1.58 కిలోల నుంచి మొదలవుతుంది. వెనక లావు బ్యాటరీ పెడితే ఇంకా పెరుగుతుంది, కాస్త ఎత్తుగా కూడా నిలుస్తుంది.

టీ480నే అడగడానికి ఇంకో కారణం ఉంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ అయినా ఉండాలి. టీ480లలో చాలావాటికి అది ఉంది, చూడటానికి అచ్చం అలాగే ఉండే టీ470లో లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే ధరకు అమ్ముతారు, అడుగున చీటీ చదువుకోండి. తెర కూడా గమనించండి. 1366×768 తెరలున్నవి చాలా తిరుగుతున్నాయి, వాటిలో ‘స్త్రీ’ అని రాస్తే వత్తులు చిక్కుపడి ఈగ వాలినట్టు కనబడుతుంది. పక్కనుంచి చూసినా రంగు మారని 1920×1080 ఐపీఎస్ తెర ఉన్నదే ఇమ్మని పట్టుబట్టాను, వెయ్యిన్నర ఎక్కువ పెట్టాను.

వాడిన కీబోర్డులో అరుగుదల ఎక్కడుందో చూస్తే ముందు యజమాని ఎవరో తెలుస్తుంది. నాకు దొరికినదానిలో బాణాల కీలు, ఎంటర్ మెరుస్తున్నాయి, డి మాత్రం గరుకుగా కొత్తదిలా ఉంది. ఎవరో ఎక్సెల్ మనిషి. ఎడమ మూలన కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్ఎన్ కీ ఉండటం ఒకటే ఇబ్బంది, బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలవక ముందు వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి రెండింటినీ తారుమారు చేయించుకున్నాను. లోపలొకటి, వెనకొకటి ఉండే బ్యాటరీలు రెండూ ఎంతసేపు వస్తున్నాయో, టైప్-సి రంధ్రాలు రెండింటా ఛార్జ్ ఎక్కుతోందో అక్కడే నిలబడి చూశాను. ఏడు రోజుల్లో మార్చిస్తామని బిల్లు మీద రాయించుకుని, ఆ ఏడు రోజులూ ఉన్న పనంతా దాని మీదే చేశాను.

ఇప్పుడు సంచి 4.1 కిలోలు. అదే కాటా, అదే ఎండుమిర్చి ఘాటు. టీ480కి సరిపడే కొత్త కీబోర్డు ఒకటి విడిగా కొని, అట్టపెట్టెతో సహా బీరువాలో చీరల కింద పెట్టాను. డి కీ మీద అక్షరం చెరగడం మొదలైతే తీస్తాను.