టిక్ ఉన్నవారి చేతిపని – 3వ పాఠం: బెజ్జాల పలక

టిక్ (మనం అనుకోకుండానే ఒంట్లో హఠాత్తుగా, మళ్ళీ మళ్ళీ వచ్చే కదలిక లేదా శబ్దం) వచ్చే ముందు ఒంట్లో కలిగే తహతహను గుర్తుపట్టి చిట్టాలో రాసుకోవడం గత రెండు పాఠాల్లో నేర్చుకున్నారు. మణికట్టు విదిలించే ముందు ముంజేతిలో ఏదో లాగినట్టుంటుంది. భుజం ఎగరేసే ముందు మెడ పక్కన దురద పెట్టినట్టుంటుంది. అదే తహతహ. అది మీకింకా పట్టుబడకపోతే మరో వారం ఆగి ఈ పాఠం మొదలుపెట్టండి. తొందరేమీ లేదు.

ఈ వారం చేతి పొరపాట్ల సంగతి చూద్దాం. టీ గ్లాసు తొణికినా, చొక్కా గుండీ పట్టకపోయినా, బ్యాంకులో సంతకం కలవకపోయినా ఇంట్లోవాళ్ళు "చెయ్యి నిలకడ లేదు" అనేసి ఊరుకుంటారు. నిలకడ తప్పడానికి మూడు దారులున్నాయి. పని మధ్యలో టిక్ వచ్చి చేతిని తోసేయడం ఒకటి. టిక్ రాకుండా బిగబట్టుకోవడంలోనే ధ్యాస అంతా ఖర్చయిపోయి పని జారిపోవడం రెండోది. టిక్‌తో నిమిత్తం లేకుండా రెండు చేతుల పొందికే తక్కువగా ఉండటం మూడోది. టిక్‌తో పాటు ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) కూడా ఉన్నవాళ్ళలో ఇది కనిపించే అవకాశం ఎక్కువ. బయటికి మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి కానీ చేయాల్సిన సాధన మాత్రం వేరు వేరు. మీది ఏ దారో తేల్చుకోకుండా "చెయ్యి గట్టిగా పట్టుకో" అని ఒంటిని బిగిస్తే రెండో దారివాళ్ళకు పరిస్థితి ఇంకా చెడుతుంది. అందుకే ముందు కొలవాలి.

కొలవడానికి బెజ్జాల పలక కావాలి. ఫ్యాక్టరీ పనికి చురుకైన చేతులున్నవారిని ఎంచుకోవడానికి అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో జోసెఫ్ టిఫిన్ తయారుచేసిన పలక 1948 నుంచి వాడుకలో ఉంది. తర్వాత వైద్యులూ దాన్ని తీసుకున్నారు. అందులో రెండు వరసలు, వరసకు 25 బెజ్జాలు ఉంటాయి. 30 సెకన్లలో ఎన్ని పుల్లలు గుచ్చారన్నదే లెక్క. ఇంట్లో సాధనకు అంత ఖరీదైన వస్తువు అక్కర్లేదు. అడుగు పొడవు, ఐదంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న చెక్క తీసుకుని ఏ వడ్రంగి దగ్గరికైనా వెళ్ళండి. ఉదయగిరి చుట్టుపక్కలవాళ్ళైతే చెక్క గరిటెలు చేసేవారికిచ్చినా చేసిపెడతారు. అంగుళం ఎడంతో రెండు వరసలు, వరసకు 20 బెజ్జాలు, బెజ్జం నడిమి నుంచి పక్క బెజ్జం నడిమికి అరంగుళం. బెజ్జం 4 మిల్లీమీటర్లు, లోతు ముప్పావు అంగుళం. పుల్లలకు 3 మిల్లీమీటర్ల మందమున్న రెండంగుళాల మేకులు 45 తీసుకుని మొనలను ఆకురాయితో గుండ్రంగా అరగదీయించండి. మొన మిగిలితే టిక్ వచ్చినప్పుడు గుచ్చుకుంటుంది, ఈ పని వదలొద్దు. బెజ్జం వదులైతే తప్పులు బయటపడవు. మరీ బిగువైతే మీరు నొక్కే బలాన్ని కొలిచినట్టవుతుంది, నేర్పును కాదు.

బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి. పలకకు అటొకటి ఇటొకటి చిన్న పళ్ళేలు పెట్టి, అడుగున గుడ్డ పరచండి. మేకు పడ్డ చప్పుడుకే టిక్ రేగేవాళ్ళుంటారు. అగ్నికార్తె రోజుల్లో మధ్యాహ్నం చేయకండి. వేడికి కొందరిలో టిక్‌లు పెరుగుతాయి, చెమటకు మేకు జారుతుంది. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య రోజూ ఒకే వేళ పెట్టుకోండి.

ఫోన్‌లో 30 సెకన్లు పెట్టి కుడిచేత్తో, తర్వాత ఎడమచేత్తో, ఆపైన రెండు చేతులతో ఒకేసారి జంటలుగా గుచ్చండి. మొదటి రోజు పట్టీ (రాసుకున్న అంకెలు) లెక్కలోకి రాదు, చేతికి అలవాటు కోసమే. రెండో రోజు నుంచి ఈ మూడింటినీ మూడు తీర్లలో చేయాలి. ఒక తీరులో టిక్ వస్తే రానివ్వండి, ఆపకండి. ఇంకో తీరులో బిగబట్టండి. మూడో తీరులో కింద చెప్పిన ఎదురు పట్టు వాడండి. రోజూ ఒకే వరసలో చేస్తే చివరిదానికి అలసట చేరి లెక్క తప్పుతుంది కాబట్టి వరస మారుస్తూ ఉండండి. ప్రతిసారీ గుచ్చినవి ఎన్ని, జారినవి ఎన్ని, జారిన క్షణాన టిక్ ఉందా లేదా అన్నది రాయండి. జారిన క్షణం మనకు సరిగా గుర్తుండదు. ఫోన్‌ను పక్కన నిలబెట్టి వీడియో తీసుకుంటే స్పష్టంగా తెలుస్తుంది.

ఎదురు పట్టు అంటే టిక్‌కు చోటులేకుండా చేసే నిదానమైన భంగిమ. 1973లో నాథన్ అజ్రిన్, గ్రెగరీ నన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రాసిన అలవాటు మార్పు పద్ధతిలోది ఇది. మణికట్టు విదిలింపుకు ఇలా చేయాలి: తహతహ మొదలవగానే మోచేతిని నడుముకు ఆనించి, అరచేతిని తొడమీద బోర్లించి, చపాతీ పిండిని అదిమినంత బలంతో కిందికి నొక్కాలి. ఒక నిమిషం, లేదా తహతహ తగ్గేదాకా, ఏది ఎక్కువైతే అంతసేపు. ఇక్కడ ఎదురు పట్టుగా పిడికిలి బిగించకండి. బిగిస్తే ముంజేయి అలిసి వణకవచ్చు, ఆ తర్వాతి మేకు జారవచ్చు. ఈ తీరులో పట్టు పట్టిన సేపు గడియారం ఆపేయండి, లేకపోతే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఈ పట్టు ప్రధానంగా ఉన్న శిక్షణను పెద్దవాళ్ళ మీద పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. 122 మందిలో శిక్షణ పొందినవారిలో 38 శాతానికి బాగా మేలు కనిపించింది, మామూలు సలహాలు, ఊరట మాత్రమే పొందినవారిలో 7 శాతానికి. అందరికీ పనిచేయదన్న మాట కూడా ఆ అంకెల్లోనే ఉంది.

ఐదు రోజుల పట్టీ చేతికొచ్చాక చదవడం తేలిక. ఉదాహరణకు, ఆపకుండా వదిలేసినప్పుడు 13, బిగబట్టినప్పుడు 10 వచ్చిందనుకోండి. మీ తప్పు బిగబట్టడంలో ఉంది, అంటే రెండో దారి. పని చేస్తున్నంతసేపూ బిగబట్టడం మానేసి, తహతహ వచ్చినప్పుడు మాత్రం చెయ్యి దించి పట్టు పట్టాలి. జారినవన్నీ టిక్ క్షణాల్లోనే ఉంటే మొదటి దారి. వస్తువును గాలిలో మోసే దూరం తగ్గించండి, మణికట్టును బల్లకు ఆనించి పనిచేయండి, గ్లాసును ముప్పావు వంతే నింపండి. మూడు తీర్లలోనూ ఒక్కో చెయ్యి బాగుండి, రెండు చేతుల అంకె మాత్రమే బాగా పడిపోతే మూడో దారి. వారికి కింది సాధన.

రెండు చేతులూ ఒకే పని చేయడం సులువు. పొదలకూరు మార్కెట్లో నిమ్మకాయలు ఏరినట్టు ఇరవై కాయలు కుప్ప పోసి, పెద్దవి కుడి బుట్టలోకి, చిన్నవి ఎడమ బుట్టలోకి, చేతులు వంతులవారీగా వేయండి. తప్పు లేకుండా మూడుసార్లు వస్తే పూలు కట్టడానికి రండి. ఒక చెయ్యి కదలకుండా పట్టుకుంటే ఇంకోటి తిరగాలి, అదే కష్టం. తడిపిన అరటినార తీసుకోండి, దారం వద్దు. టిక్ వచ్చి లాగితే దారం కనకాంబరం కాడను కోసేస్తుంది, తడినార మెత్తగా ఉండి కాడను కాపాడుతుంది. ఎడమ బొటనవేలు, చూపుడువేలి మధ్య రెండు పూలు కాడలు కలిసేలా పట్టి, కుడిచేత్తో నార ఒక చుట్టు తిప్పి, ముడి వేసి, బిగించే ముందు ఒక్క క్షణం ఆగండి. టిక్ తగిలి ముడి చెడేది ఎక్కువగా అక్కడే. తహతహ ఉంటే ఎడమ వేళ్ళతో కాడలు అదిమి ఉంచి, కుడిచేతిని తొడమీదకు దించి పట్టు పట్టండి. తగ్గాక బిగించండి. మొదటి వారం పది జంటలు చాలు. కత్తిపీట, సూది, వేడి నూనె పనులు ఇప్పుడే వద్దు.

టిక్‌కు మాత్రలు వాడేవాళ్ళు మాత్ర వేసుకున్న వేళ కూడా పట్టీలో రాయాలి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్‌లాంటివి చేతుల్లో బిగువు, వణుకు తెప్పించవచ్చు. క్లోనిడిన్ మగత తెస్తుంది. అంకె పడిపోయిందని మీ అంతట మీరు మాత్ర ఆపకండి, పట్టీ తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. టిక్‌లు మామూలుగా చిన్నతనంలోనే మొదలవుతాయి. పెద్దయ్యాక కొత్తగా వచ్చినా, చేతిలో బలం తగ్గినా, తిమ్మిరి ఉన్నా, ఒకవైపే పట్టు తప్పుతున్నా ఈ సాధన పక్కనపెట్టి ముందు నరాల డాక్టరును కలవండి.

వచ్చే పాఠం చేతిరాత, సంతకం. దానికి ఏడు రోజుల పట్టీ, రెండు చేతుల సాధన వీడియో ఒకటి, గీతల్లేని నోటుబుక్కు ఒకటి సిద్ధం చేసుకోండి.