చెస్ హాలు బయట కూర్చునే తల్లిదండ్రుల కోసం

మా అమ్మాయికి ఏడేళ్ల వయసులో చదరంగం మీద ఇష్టం మొదలైనప్పుడు గుర్రం ఎటు దూకుతుందో కూడా నాకు సరిగా తెలియదు. ఆరేళ్లుగా తన వెంట టోర్నమెంట్లకు తిరుగుతున్నా, తన ఆటలోని లోతు నాకు ఇప్పటికీ అందదు. అయినా నేను వెళ్లిన ఏ ఒక్క రోజూ వృథా కాలేదని గట్టిగా నమ్ముతున్నాను. పిల్లల వెంట వెళ్లడానికి ఆ విద్య మనకు వచ్చి ఉండనవసరం లేదు కానీ, వెళ్లాక ఎలా మసలుకోవాలో మాత్రం నేర్చుకోవాలి.

2023 ఆగస్టులో బాకు నగరంలో జరిగిన చెస్ ప్రపంచకప్‌లో మన దేశపు యువ ఆటగాడు ప్రజ్ఞానంద ఫైనల్ వరకు వెళ్లినప్పుడు, ఒక పక్కగా నిలబడి కొడుకును చూసుకుంటున్న నాగలక్ష్మి గారి ఫొటో దేశమంతటా తిరిగింది. పరాయి దేశంలో కూడా పిల్లలకు ఇంటి భోజనం పెట్టాలని స్టవ్వు వెంట తీసుకువెళ్లే తల్లి ఆవిడ. మన కోనేరు హంపి తండ్రి అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలి తానే కూతురికి గురువయ్యారు. 2002లో, 15 ఏళ్ల వయసులో హంపి చదరంగంలో అత్యున్నత బిరుదైన గ్రాండ్‌మాస్టర్ అయింది. అశోక్ గారిలా ఉద్యోగం వదలడం అందరికీ సాధ్యమయ్యేది కాదు, అందరూ చేయవలసిందీ కాదు. వేళకు అన్నం పెట్టి, పక్కన ఉండడం మాత్రం మనలో చాలామందికి చేతనయిన పనే.

ముందుగా పోటీ తీరు తెలుసుకోండి. మన దగ్గర రేటింగ్ టోర్నమెంట్లు, అంటే ఆటగాడి స్థాయిని చూపే అంకెను లెక్కించే పోటీలు, ఎక్కువగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి కనుక, ఓడినవారు ఇంటికి వెళ్లిపోరు. దాదాపు సమానమైన పాయింట్లు ఉన్నవారితో తరువాతి రౌండులో మళ్లీ ఆడతారు. అంటే ఉదయం ఓడిన పిల్ల మధ్యాహ్నం మళ్లీ బోర్డు ముందు కూర్చోవాలి. మధ్యలో ఉండే ఆ గంటో రెండు గంటలో మీ చేతిలో ఉంటాయి. క్లాసికల్ ఆటలో, అంటే ఆలోచించడానికి ఎక్కువ సమయం ఇచ్చే ఆటలో, ఒక్కొక్కరికి 90 నిమిషాలు, పైగా ప్రతి ఎత్తుకు 30 సెకన్లు ఇచ్చే పోటీల్లో ఒక రౌండు నాలుగు గంటలు కూడా సాగవచ్చు కాబట్టి, మంచినీళ్లు, పెరుగన్నం, అరటిపండు వంటివి ఇంటి నుంచే తీసుకువెళ్లడం మంచిది. లోపలికి పంపే ముందు ఫోను, స్మార్ట్ వాచీ తప్పకుండా తీసి మీ దగ్గర పెట్టుకోండి. అవి దగ్గర ఉన్నట్టు తేలితే ఆట పోతుంది.

ఆట మొదలయ్యాక తల్లిదండ్రులను సాధారణంగా హాల్లో ఉండనివ్వరు. అప్పుడు కిటికీలోంచి తొంగి చూడకండి. పిల్లలు తల ఎత్తి మన ముఖంలో ఆశో, ఆందోళనో చూశారంటే వారి ఆలోచన బోర్డు మీద నుంచి మన మీదికి వచ్చేస్తుంది. దానికి బదులు ఒక చోటు చూసుకుని, "ఇక్కడే ఉంటాను" అని ముందే చెప్పి, ఆ చోటు నుంచి కదలకుండా కూర్చోండి. బయటికి వచ్చిన పిల్ల మన కోసం వెతుక్కోనక్కర్లేకుండా నేరుగా మన దగ్గరికి రాగలగడం చిన్న సంగతి కాదు.

అన్నిటికన్నా కష్టమైనది ఆ తరువాతి నిమిషం. తొమ్మిదేళ్లప్పుడు మా అమ్మాయి ఒక టోర్నమెంటులో వరుసగా మూడు రౌండ్లు ఓడిపోయింది. మూడోసారి బయటికి రాగానే మెట్ల మీదే "మళ్లీ ఎలా ఓడిపోయావు?" అని అడిగాను. తను ఏమీ మాట్లాడకుండా ఎత్తులన్నీ రాసుకునే స్కోర్ షీటును మడిచి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే 31వ ఎత్తు రాసిన చోట పెన్నుతో గీకి గీకి కాగితం చిరిగిపోయి ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో తనకు నాకంటే బాగా తెలుసు. నా ప్రశ్న వల్ల తనకు కొత్తగా తెలిసింది నా నిరాశ ఒక్కటే. ఆ రోజు నుంచి మొదటి మాటగా "ఆకలేస్తోందా?" అనే అడుగుతున్నాను, గెలిచినా అదే, ఓడినా అదే. గెలిచిన రోజున మాత్రమే పొంగిపోతే, మనం వచ్చింది తన కోసం కాదు, గెలుపు కోసమేనని పిల్లలు ఇట్టే గ్రహిస్తారు.

తిన్నాక, తనంతట తను మాట్లాడడం మొదలుపెట్టాక, స్కోర్ షీటు చూపించి ఆ ఆట కథ చెప్పమనండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. నిజానికి మీకు తెలియకపోవడమే మేలు, ఎందుకంటే తెలియనివారికి విడమరిచి చెప్పేటప్పుడు పిల్లలకే తమ ఆలోచన తేటపడుతుంది. విన్నట్టు నటించవద్దు. "ఈ బంటును ఎందుకు వదిలేశావు?" అని నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్నకు పిల్లల కళ్లు వెలుగుతాయి. పక్కవాళ్ల అబ్బాయి రేటింగుతో పోల్చడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు.

సెలవు దొరకని వారాలు అందరికీ ఉంటాయి. ఆ సంగతి ముందుగానే చెప్పి, తాతయ్యనో, పిన్నినో, బాబాయినో పంపండి. సాయంత్రం ఇంటికి రాగానే పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి వినండి. వస్తానని మాట ఇచ్చి తప్పడం కన్నా, రాలేనని నిజం చెప్పడమే నయం.

పిల్లలు పెద్దయ్యే కొద్దీ మనం వెంట ఉండడం కొందరికి ఇబ్బందిగా తోచవచ్చు. అలకబూనకుండా, రావాలో వద్దో వారినే అడగాలి. నిరుడు హనుమకొండలో ఒక పోటీకి, "నేను బస్టాండులోనే ఆగనా?" అని మా అమ్మాయిని అడిగితే నీ ఇష్టం అంది. అయినా హాలు దాకా వెళ్లాను. తను గోడ మీద అంటించిన జాబితాలో బోర్డు నంబరు చూసుకుని, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "ఎక్కడ కూర్చుంటున్నావమ్మా?" అని అడిగింది. వేపచెట్టు కింది అరుగు చూపించాను.