ఇంటి వడ్రంగం, 5వ పాఠం: బ్యాండ్ సా కొనేముందు

పోయిన పాఠంలో చేతి రంపానికి పదును పెట్టుకోవడం నేర్చుకున్నాం. అభ్యాసానికి ఇచ్చిన టేకు ముక్కను గీత మీదే కోయగలుగుతున్నవాళ్ళు ఇక మిషను సంగతి ఆలోచించవచ్చు. ఇంకా గీత తప్పుతుంటే మాత్రం మరో వారం ఆ అభ్యాసమే చేయండి. కంటికి గురి కుదరకముందే మిషను కొంటే మంచి కలప త్వరగా పాడవుతుంది, అంతే.

ఇంట్లో ఒక్క పెద్ద మిషనుకే చోటుంటే అది బ్యాండ్ సా, అంటే పైనొకటి కిందొకటి ఉన్న చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుండే రంపం మిషను, కావాలని నా గట్టి అభిప్రాయం. వంపులు కోస్తుంది, మందపు దుంగను పలకలుగా చీలుస్తుంది. బ్లేడు పైనుంచి కిందికి దిగుతూ చెక్కను టేబుల్‌కేసి అదిమిపెడుతుంది కాబట్టి, టేబుల్ మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకొచ్చే టేబుల్ సా మీద లాగా ముక్క ఎగిరి పొట్టలో తగిలే భయం లేదు. శబ్దం కూడా తక్కువే. పక్క వాటాలో పిల్లలు చదువుకుంటున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

మన ప్రాంతంలో దీనికి ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. విజయవాడ వన్‌టౌన్‌లో, గుంటూరు పాత పేటల్లో పెంకుటిళ్ళు, పాత మిద్దెలు పడగొట్టినప్పుడు టేకు దూలాలు, ద్వారబంధాలు బయటికొస్తాయి. దశాబ్దాలుగా ఆరిన చేవ కర్ర అది. ఇప్పుడు డిపోలో కొత్త టేకు అడుగు ధర విన్నవాళ్ళకు ఆ పాత దూలం విలువ చెప్పనక్కర్లేదు. లెక్క చూడండి. 4 అంగుళాల దూలాన్ని, అంటే సుమారు 100 మిల్లీమీటర్ల మందాన్ని, 12 మిల్లీమీటర్ల పలకలుగా చీల్చాలి. ఒక్కో కోతకు 3 మిల్లీమీటర్లు తినే గుండ్రటి రంపపు బిళ్ళతో అయితే 6 పలకలొస్తాయి. మిల్లీమీటరుకు కాస్త పైన తినే బ్యాండ్ సా బ్లేడుతో 7 వస్తాయి. పొట్టుగా పోవలసిన పలక మన చేతికొస్తుంది. ఒక్క జాగ్రత్త: పాత కర్రలో మేకులుంటాయి. కోసేముందు నాలుగు వైపులా అయస్కాంతం ఆనించి చూడండి, తల విరిగి పైపైనే ఉండిపోయిన మేకు కూడా దొరుకుతుంది, మరీ లోతున ఉన్నది దొరక్కపోవచ్చు.

ఇక కొనడం. షాపులో అడుగు పెట్టగానే మనకు ఎదురయ్యే ప్రశ్న, "ఎన్ని హెచ్‌పీ కావాలండీ?" మోటారు తర్వాతి మాట. ఈ పాఠం మొత్తానికి ఒకటే సూత్రం పెట్టుకుందాం: తర్వాత మార్చుకోలేనివి ముందు చూడాలి. బ్లేడు మారుతుంది, చక్రం మీది రబ్బరు మారుతుంది, బ్లేడు పక్కకు పోకుండా పట్టి ఉంచే గైడు బేరింగులు మారతాయి, చివరికి మోటారు కూడా మారుతుంది. మామూలుగా మారనివి మూడు: చక్రం వ్యాసం, కోత ఎత్తు, ఫ్రేము గట్టితనం.

చక్రంతో మొదలుపెడదాం. 14 అంగుళాల మిషను అంటే 14 అంగుళాల చక్రాలున్నదని అర్థం. బ్లేడుకూ వెనక స్తంభానికీ మధ్య దొరికే చోటు ఇంచుమించు అంతే, కాస్త తక్కువ. కానీ చక్రం పెద్దదైతే అసలు లాభం పొందేది బ్లేడు. 14 అంగుళాల మిషన్లలో ఎక్కువగా కనిపించే బ్లేడు పొడవు 93.5 అంగుళాలు. నిమిషానికి 3000 అడుగుల వేగంతో తిరిగితే అది 385 చుట్లు వేస్తుంది, ఒక్కో చుట్టుకు పైనొకసారి, కిందొకసారి వంగుతుంది. నిమిషానికి 770 వంపులన్నమాట. అదే వేగంతో 10 అంగుళాల మిషను మీద 72 అంగుళాల బ్లేడు నిమిషానికి 1000 సార్లు వంగుతుంది, పైగా ఇంకా ఇరుకైన వంపు. ఉక్కు అలసిపోయి పళ్ళ అడుగున పగుళ్ళొస్తాయి. పదును ఉండగానే బ్లేడు తెగిందంటే కారణం చాలాసార్లు ఇదే. మూడు చిన్న చక్రాలు పెట్టి లోపల చోటు ఎక్కువ చూపించే మిషన్లలో ఈ బాధ మరీ ఎక్కువ, వాటి జోలికి పోవద్దు.

చిన్న పనికి చిన్న మిషను చాలదా అంటే, చాలే సందర్భాలున్నాయి. కొండపల్లి బొమ్మల తరహాలో తెల్లపొణికితో బొమ్మలు చేయాలని, పిల్లలకు చెక్క పజిళ్ళు కోయాలని అనుకునేవారికి 10 అంగుళాలది హాయిగా సరిపోతుంది. మెత్తటి తేలిక కర్ర, సన్న బ్లేడు, చిన్న ముక్కలు. పీటలు, పెట్టెలు, అలమార తలుపులు మనసులో ఉంటే 14 కంటే తక్కువకు దిగకండి.

కోత ఎత్తు అంటే టేబుల్ మీది నుంచి పైకెత్తిన గైడు దాకా ఉండే దూరం. పోత ఇనుప ఫ్రేముండే 14 అంగుళాల మిషన్లలో అది మామూలుగా 6 అంగుళాలు. మన పాత దూలాలకు 6 అంగుళాలు బాగానే చాలుతుంది. కొన్ని మిషన్ల స్తంభం మధ్యలో దిమ్మె పెట్టి 12 అంగుళాలకు పెంచుకునే ఏర్పాటుంది, అప్పుడు బ్లేడు పొడవు 105 అంగుళాలవుతుంది. ఎత్తు పెరిగిందని ఫ్రేము గట్టిపడదు, మోటారుకు బలం రాదు. మొదటి రోజే 10 అంగుళాల వెడల్పు పలకలు కోయాలని తెలిసి ఉంటే, ఆ ఎత్తుకే తయారైన ఉక్కు ఫ్రేము మిషను తీసుకోండి.

ఫ్రేము సంగతి అందరూ దాటేసేది, నేను ఎక్కువసేపు నిలబడి చూసేది. బ్లేడు చక్కగా కోయాలంటే బాగా బిగిసి ఉండాలి. ఆ బిగువంతా ఫ్రేమే మోయాలి. మంచం పట్టెలు బలహీనంగా ఉంటే నులక ఎంత లాగి కట్టినా తెల్లారేసరికి కుంగినట్టే ఇదీ. బిగించేకొద్దీ ఫ్రేము వంగి వస్తుంటే బ్లేడు ఎప్పటికీ బిగియదు, కోత మధ్యలో పక్కకు పోతుంది. కాగితం మీద "ముప్పావు అంగుళం బ్లేడు దాకా" అని రాసి ఉన్నా, 14 అంగుళాల పోత ఇనుప మిషను నిజంగా సరిగ్గా బిగించగలిగేది అర అంగుళం వెడల్పు బ్లేడునే అనుకోండి. ఇంటి పనికి అదే చాలు కూడా.

మోటారు దగ్గరకొద్దాం. వంపులకూ సన్న చెక్కకూ 1 హెచ్‌పీ, దూలాలు చీల్చడానికి ఒకటిన్నర నుంచి 2. సింగిల్ ఫేజు మీద ఒకటిన్నర హెచ్‌పీ మోటారు నిండా పనిచేస్తుంటే సుమారు 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి 5, 6 రెట్లు. కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, స్టార్టయ్యే క్షణం కరెంటుకు పడిపోని సీ రకం ఎంసీబీ, తప్పనిసరిగా ఎర్తింగు ఉండాలి. కరెంటు బిల్లు మీద రాసి ఉండే మంజూరైన లోడు కూడా ఒకసారి చూసుకోండి. మే నెల సాయంత్రాల్లో వీధంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజి 230 నుంచి 200కు పడిందనుకుందాం. మోటారు తిప్పుడు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి నాలుగో వంతు బలం పోయినట్టే. సరిగ్గా సరిపోయే మోటారు కాక అర హెచ్‌పీ ఎక్కువది కొనమనేది అందుకే.

మామూలు స్విచ్చు బదులు నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టరు పెట్టించండి. కోత మధ్యలో కరెంటు పోయి, మీరు బ్లేడు దగ్గర ముక్క సర్దుతుండగా తిరిగొస్తే మిషను దానంతటదే తిరగకూడదు. ఈ ఖర్చు దగ్గర బేరం వద్దు.

మోటారు విడిగా కొనాల్సి వస్తే పుల్లీల లెక్క మీరే వేసుకోవాలి. 14 అంగుళాల చక్రం చుట్టుకొలత 44 అంగుళాలు. నిమిషానికి 3000 అడుగులు రావాలంటే చక్రం 820 చుట్లు తిరగాలి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు పోళ్ళ మోటారు దాదాపు 1440 తిరుగుతుంది. కాబట్టి మోటారుకు 4 అంగుళాల పుల్లీ, చక్రానికి 7 అంగుళాల పుల్లీ. అమెరికా కోసం 60 హెర్ట్జ్‌కు తయారైన మిషనును పుల్లీ మార్చకుండా ఇక్కడ పెడితే వేగం ఆరో వంతు తగ్గుతుంది.

బ్లేడు గురించి వచ్చే పాఠాల్లో చాలా ఉంది. కొనేటప్పటికి ఈ కాస్త చాలు. వంపు ఎంత చిన్నదైతే బ్లేడు అంత సన్నది: పావు అంగుళం బ్లేడు సుమారు 5/8 అంగుళం వ్యాసార్ధంతో తిరుగుతుంది, అర అంగుళం బ్లేడుకు రెండున్నర అంగుళాలు కావాలి. పళ్ళు ఎప్పుడూ కనీసం 3 కర్రలో ఉండాలి. అలాగని పళ్ళు మరీ ఎక్కువైనా చేటే. అంగుళానికి 10 పళ్ళున్న బ్లేడుతో 5 అంగుళాల దూలం కోస్తే 50 పళ్ళ సందుల్లో పొట్టు నిండిపోయి, కర్ర కాలిన వాసన వస్తుంది. దూలానికి అంగుళానికి 3 పళ్ళు. మిషను కొనకముందే, కోత మిల్లులకు బ్లేడ్లు జాయింటు వేసేవాళ్ళు మీకు దగ్గర్లో ఎవరున్నారో, అర అంగుళం బ్లేడు మీ పొడవుకు వేసిస్తారో లేదో కనుక్కోండి. అది తేలితే మిషను పొడవు ఎంత విచిత్రమైనదైనా బెంగలేదు.

ఇప్పుడు షాపులో చేయాల్సిన పరీక్ష. ఒక మూలమట్టం, పెన్సిలు, పాత ఐదు రూపాయల మందపు బిళ్ళ, 4 అంగుళాల ఎత్తున్న గట్టి కర్ర ముక్క మీ సంచిలో ఉండాలి. ఆటోనగర్‌లో మూతపడిన వర్క్‌షాపుల పాత మిషను చూసినా, కొత్తది చూసినా పరీక్ష ఒకటే.

ముందు ప్లగ్గు పీకించండి. పై మూత తెరిచి, పెన్సిలును ఫ్రేముకు ఆనించి, దాని మొన చక్రం అంచుకు తగిలీ తగలనట్టు పట్టుకుని చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. మొనకూ అంచుకూ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే చక్రం ఊగుతోందన్నమాట. అంచు పక్కకు కాస్త ఊగితే సర్దుకోవచ్చు. పైకీ కిందికీ ఊగితే మాత్రం రబ్బరు అరిగిందా, ఇనుమే గుండ్రంగా లేదా అన్నది తేల్చుకోవాలి. రబ్బరైతే మార్చవచ్చు. ఇనుమైతే నమస్కారం పెట్టి బయటికి రండి.

తర్వాత గైడును అట్టడుగుకు దించి, బ్లేడుకూ పక్క గైడుకూ మధ్య ఒక కాగితం పట్టేంత సందు పెట్టించండి. ఇప్పుడు గైడు స్తంభాన్ని పై దాకా ఎత్తి మళ్ళీ కాగితం పెట్టి చూడండి. కాగితం పట్టకపోయినా, రెండు మూడు కాగితాలు దూరినా స్తంభం బ్లేడుకు సమాంతరంగా లేదు. చెక్క మందం మారినప్పుడల్లా గైడు సర్దుకుంటూ కూర్చోవాలి. మూలమట్టాన్ని టేబుల్ మీద నిలబెట్టి బ్లేడు పక్కకు, ఆ తర్వాత వెనక వీపుకు ఆనించి చూడండి. పక్కకు తేడా ఉంటే టేబుల్ వంచి సరిచేయవచ్చు, వీపు తేడా సరిచేయడం కష్టం.

పాత పోత ఇనుప మిషనైతే స్తంభం పైకి వంగే మలుపు దగ్గర చెయ్యి పెట్టి తడిమి చూడండి. కొత్తగా రంగు పూసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. పగిలి వెల్డింగు చేసిన కాస్టింగు ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

ఇక ప్లగ్గు పెట్టి నడిపించండి. బిళ్ళను టేబుల్ మీద అంచున నిలబెట్టండి. నిలబడితే మంచిదే, పడితే కంపం ఎక్కడిదో వెతకాలి: పుల్లీయా, బెల్టా, చక్రమా. టక్ టక్‌మని తాళం వేసినట్టు వినిపిస్తే అది బ్లేడు జాయింటు గైడుకు తగిలే చప్పుడు. మిషను తప్పు కాదు.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. కొత్త బ్లేడు వేయించి మీ కర్ర ముక్కను మీ చేత్తో నిలువుగా చీల్చండి. చేతికి గ్లౌజు వద్దు, బ్లేడు లాగేస్తుంది. చివర ముక్కను కర్రతో తోయండి. పై గైడు చెక్కకు పావు అంగుళం కంటే ఎత్తులో ఉండకూడదు. కోసిన ముఖం మీద స్కేలు అంచు నిలువుగా ఆనించి వెలుగుకేసి పట్టండి. స్కేలు కింద వెలుగు కనిపించకపోతే కోత తిన్నగా వచ్చింది. మధ్యలో ఉబ్బో పల్లమో ఉంటే బ్లేడు లోపల వంగింది. ఇంకాస్త బిగించి మళ్ళీ కోయండి. అప్పుడూ అలాగే వస్తే, కొత్త బ్లేడుతోనూ ఫ్రేము బిగువు మోయలేకపోతోందని మీ ముందే తేలిపోయినట్టు. గీతకు వంకరగా కోత పోతోందంటే అది వేరే సంగతి, చెక్కను ఆనించి తోసే పట్టీ, అంటే ఫెన్సు, కోణం మార్చి సర్దుకోవచ్చు.

మిషను ఇంటికొచ్చాక మన కృష్ణా తీరపు తేమకు పోత ఇనుప టేబుల్ తుప్పు పడుతుంది. వానాకాలంలో పలచగా మైనం రుద్ది ఉంచండి. పని అయిపోగానే బ్లేడు బిగువు వదులు చేయండి. టేకు పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు లేకుండా కోయొద్దు.

ఈ వారం అభ్యాసం: రాబోయే ఏడాదిలో మీరు చేయదలచుకున్న మూడు వస్తువులు కాగితం మీద రాయండి. ఒక్కోదాంట్లో అన్నిటికంటే మందపు కర్ర ఎన్ని అంగుళాలో, అన్నిటికంటే చిన్న వంపు వ్యాసార్ధం ఎంతో పక్కన వేయండి. మిషను పెట్టే చోట నిలబడి, ముందూ వెనకా ఎంత పొడవు కర్ర పట్టుతుందో టేపుతో కొలవండి. ఆ కాగితం చేతిలో ఉన్నాకే షాపుకు వెళ్ళండి. 6వ పాఠంలో కొత్త బ్లేడు ఎక్కించి, చక్రం మీద నడిమికి తెచ్చి, గైడులు సర్దడం చూద్దాం.